ఏడవని బిడ్డ తల్లి

కృష్ణకుమారి పిరికిది. ఇది ఆమె వెనక గుసగుసగా అనుకునే మాట కాదు. ఎదురుగానే అందరూ అనేవారు, ఆమె కూడా ఒప్పుకునేది. చిన్నప్పుడు ఆదోనిలో వాళ్ల నాయన శేషప్ప పత్తి మిల్లులో పనిచేసేవాడు. మిల్లు కూత వినపడితే చాలు, ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి అమ్మ కొంగులో దూరేది. బల్లి అంటే భయం, ఉరుమంటే భయం, బడిలో లెక్కల సారంటే భయం. పెద్దయ్యే కొద్దీ ఇవన్నీ ఒక్కొక్కటే ఊడిపోయాయి గాని ఒకటి మాత్రం పోలేదు. ఆమెకు పదకొండేళ్లప్పుడు పక్క వాటాలో చిన్నమ్మకు కాన్పయింది. పొద్దున మొదలైన కేకలు సాయంత్రం దాకా గోడ దాటి వస్తూనే ఉన్నాయి. బిడ్డ క్షేమంగా పుట్టింది, చిన్నమ్మ మూడో నాటికి నవ్వుతూ లేచి కూర్చుంది. గోడకు ఇవతల ఉన్న పిల్ల మాత్రం వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఇరవై మూడో ఏట ఆమెను ఎమ్మిగనూరులో ధనుంజయకు ఇచ్చి చేశారు. శేషప్ప వాళ్లూ నేతవాళ్లే గాని తాతల నాడే మగ్గం వదిలేశారు. ధనుంజయ వాళ్లు వదల్లేదు. ముందు గదిలో రెండు గుంత మగ్గాలు. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు జారవిడిచి, అడుగున ఉన్న కర్రలు తొక్కుతూ నేస్తారు. ఒకదాని మీద ధనుంజయ, రెండోదాని మీద కూలికి వచ్చే మనిషి. మామ లేడు. అత్త గిరిజమ్మ రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది, కూర్చున్న చోటి నుంచే వీధి వీధంతా ఏలేది. పొద్దున నుంచి మగ్గాలు దబదబలాడే ఇంట్లో ఎవరూ మామూలు గొంతుతో మాట్లాడరు. అరవాలి, లేదా చేత్తో సైగ చెయ్యాలి. ఆ ఇంట్లో పుట్టినవాళ్లు పెదవులు చూసి సగం మాట పట్టుకుంటారు.

నెల తప్పిన రోజు నుంచి కృష్ణకుమారికి చిన్నమ్మ కేకలే కలలోకి రావడం మొదలైంది. ఆదోనిలో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోంలో నడుముకు సూది వేసి నొప్పి తెలియకుండా కాన్పు చేస్తారని ఎవరో చెప్పారు. ఆ మాటను ఆమె వదల్లేదు. ఈ సంగతి తెలిసి గిరిజమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది.

"సూదేందే, సూది! మేమంతా కనలేదా? ఈ ధనుంజయను కన్న పొద్దున గూడా నేను కండెలు సుట్టినా. నడుముకు సూది పొడిపించుకుంటే బతికినన్నాళ్లు నడుము పట్టుకోని కూకోవల్ల."

అత్త మాటకు ఏనాడూ ఎదురు చెప్పని కోడలికి ఆ ఒక్క విషయంలో ఎక్కడ లేని ధైర్యం వచ్చింది. భయస్థులకు అంతే, భయపడ్డ దాని నుంచి తప్పించుకోవడానికి కొండనైనా ఢీకొంటారు.

"నా కాన్పు మా అమ్మోళ్ల ఇంట్లో అత్తా. ఏమన్నా అయితే అది నా మీద, మా నాయన మీద. నిన్ను ఒక్క మాట అన్ను," అంది.

గిరిజమ్మ రాట్నం ఆపి కోడలి వైపు చూసింది. "సరే, నీ మాట నీకే గుర్తుండనీ," అని మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది.

ఆ మాట కృష్ణకుమారికి బాగా గుర్తుండిపోయింది. మిగతా కథంతా ఆ మాట వల్లే వచ్చింది.

నొప్పులు మొదలైన పొద్దున ఆమెను మంచం అంచున కూర్చోబెట్టి, దిండు కౌగిలించుకుని ముందుకు వంగమన్నారు. మత్తు డాక్టరు మంచివాడే, నెమ్మదస్తుడు. కదలొద్దమ్మా, నొప్పి వస్తే ముందే చెప్పు, ఆపుతాను అన్నాడు. నొప్పి రానే వచ్చింది. చెప్పాలన్నది మరిచిపోయి ఆమె ఎగిరిపడింది. వెనక నుంచి ఆయన చిన్నగా "అరె" అనడం వినపడింది. సూది ఉండాల్సిన చోటు కంటే ఒక పిసరు లోపలికి పోయిందని, వెన్నుపాము చుట్టూ ఉండే పొరకు చిల్లు పడిందని, అందులోంచి కొంచెం నీరు కారవచ్చని ఆయన దాచకుండా చెప్పాడు. పక్కనే ఇంకో చోట సూది వేశారు. నొప్పి నిజంగానే మాయమైంది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. కృష్ణకుమారి ఒక్క కేక కూడా పెట్టలేదు. పైగా నర్సుతో నవ్వుతూ మాట్లాడింది. పిల్ల ఏడిస్తే రెండు చెవులా విన్నది. అలా వినడం అదే ఆఖరని ఆమెకు తెలియదు.

మరునాడు పాలివ్వడానికి లేచి కూర్చోగానే తల రెండుగా చీలిపోతున్నట్టు నొప్పి. పడుకుంటే తగ్గుతుంది, లేస్తే మళ్లీ వస్తుంది. డాక్టరు చూసి, ఇది ఆ చిల్లు వల్లే, వీలైనంత పడుకో, నీళ్లు బాగా తాగు, కాఫీ తాగు, రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే ఆలస్యం చెయ్యకుండా రా అని చెప్పి పంపాడు.

ఇంటికొచ్చాక బాలింత ఎవరి చేతిలో ఉంటుంది? డాక్టరు చేతిలో కాదు. తల్లి ఉచ్చీరమ్మ చేతిలో పడింది కృష్ణకుమారి. ఉచ్చీరమ్మ తన తల్లి చేసినట్టే అంతా చేసింది. బాలింతకు చన్నీళ్లు కూడదు, ఎక్కువ నీళ్లు అసలే కూడదు, పొట్ట జారుతుంది. పూటకు రెండు గుక్కల వేణ్ణీళ్లు. కాఫీ వాతం. తలకు గుడ్డ బిగించి కట్టి, గాలి దూరకుండా రెండు చెవుల్లోనూ దూది కూరింది. తలనొప్పి అంటే, ఆసుపత్రిలో ఆ ఫ్యాను గాలికే పట్టిందని ఇంకాస్త దూది పెట్టింది.

నాలుగో రోజుకూ నొప్పి తగ్గలేదు. శేషప్ప ఫోను చేస్తే డాక్టరు వెంటనే తీసుకురమ్మన్నాడు. చేతి నుంచి కొంచెం రక్తం తీసి నడుములో అదే చోట ఎక్కిస్తే అది గడ్డకట్టి చిల్లు మూసుకుంటుందని చెప్పాడు. ఉచ్చీరమ్మ లబోదిబోమంది. "ఒకసారి పొడిచింది సాలక ఇంకోసారా? నా బిడ్డను ఈడనే సంపండి, ఆడిదాకా ఎందుకు!" అని వాకిలికి అడ్డం కూర్చుంది. శేషప్ప కూతురిని అడిగాడు. కృష్ణకుమారి గోడ వైపు తిరిగి, "వొద్దు నాయనా, నాకు భయం," అంది. తరువాత మూడేళ్లలో ఆమె ఎవరిని తిట్టుకున్నా చివరికి ఈ మాట దగ్గరే వచ్చి ఆగేది, ఎందుకంటే వద్దన్నది తనే.

పన్నెండో రోజుకు తలనొప్పి దానంతట అదే పోయింది. ఉచ్చీరమ్మ చూశావా అంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. లోకమంతా దూరంగా, మూత పెట్టిన గిన్నెలోంచి వచ్చినట్టు వినపడుతూ ఉండేది కృష్ణకుమారికి. చెవుల్లో దూది ఉంది కదా, అలాగే ఉంటుందనుకుంది.

ఇరవయ్యొకటో రోజు తలంటు పోసి ఉచ్చీరమ్మ చెవుల్లో దూది తీసింది. కుడి చెవిలోది తీయగానే కాకులు, వీధిలో ఆటోలు, ఇంట్లో కుక్కరు కూత, అమ్మ గాజులు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. కృష్ణకుమారి నవ్వింది. ఎడమ చెవిలోది తీసింది. ఏమీ రాలేదు.

"ఇంకా ఉందిమా లోపల. తియ్యి," అంది.

"యాడుందే? మొత్తం వొచ్చింది సూడు."

"లేదు, ఉంది. బాగా సూడు."

ఉచ్చీరమ్మ ఫోను లైటు వేసి చూసింది. చిటికెన వేలు పెట్టి తడిమింది. దూది పోగు కూడా లేదు. కృష్ణకుమారి తల వంచి అరచేత్తో చెవి మీద కొట్టుకుంది. దూరంగా ఎక్కడో నీళ్ల మోటారు తిరుగుతున్నట్టు సన్నని హోరు, అంతే. తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కృష్ణకుమారి తడి జుట్టులోంచి వీపు మీదికి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

నెల పోతే వస్తుందనుకున్నారు, రెండు నెలలు పోతే వస్తుందనుకున్నారు. అత్తగారింటికి పోయే ముందు ఐదో నెలలో ఎవరికీ చెప్పకుండా చెవి డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన ఆమెను చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినపడితే చెయ్యెత్తమన్నాడు. కుడి చెవి పరీక్షలో చెయ్యి లేస్తూ దిగుతూ ఉంది. ఎడమ చెవి పరీక్షలో ఆమె చాలాసేపు చెయ్యి ఎత్తకుండా కూర్చుంది. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుంది.

"వెన్నులో నీటికీ లోపలి చెవిలో నీటికీ సంబంధం ఉందమ్మా. అక్కడ ఒత్తిడి తగ్గితే ఇక్కడా తగ్గుతుంది. చాలామందికి కొన్నాళ్లకు సర్దుకుంటుంది. ఎవరో ఒకరికి ఇలా నిలిచిపోతుంది," అన్నాడాయన.

"మొదట్లోనే ఆ చిల్లు మూయించుకొని ఉంటే?" అని అడిగింది కృష్ణకుమారి.

"బాగుండేదేమో. తప్పకుండా బాగయ్యేదని చెప్పలేను. వినికిడి మిషన్ పెట్టుకుని చూద్దాం, మళ్లీ రండి."

బస్టాండుకు నడుస్తూ ఉచ్చీరమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. "మీ అత్తకు సెప్పొద్దు. సచ్చినా సెప్పొద్దు. సూది వొద్దంటే ఇనకపోతివి, ఇప్పుడు సెవుడు తెచ్చుకొంటివి అని ఊరంతా సాటింపేస్తాది. మీ నాయన తలెత్తుకోలేడు," అంది. మిషన్ పెడితే అందరికీ కనపడుతుంది కాబట్టి మళ్లీ ఆ డాక్టరు దగ్గరికి పోలేదు.

అందరూ నడుము గురించి భయపెట్టారు. నడుము నిక్షేపంగా ఉంది. కోడలు రాగానే గిరిజమ్మ మొదట అడిగిందీ నడుము గురించే. "బాగుందత్తా," అంది కృష్ణకుమారి. అబద్ధం కాదు.

చెవుడు దాచాలంటే నేత ఇంటిని మించిన చోటు లేదు. "ఆఁ? ఏమంటివి?" అని అక్కడ అందరూ రోజుకు నూరుసార్లు అడుగుతారు. ఆమె కూడా అడిగేది. రాట్నం దగ్గర ఎడమ పక్కకు గోడ వచ్చేటట్టు కూర్చునేది. మొగుడితో నడిచేటప్పుడు ఆయనకు ఎడమ పక్కకు వచ్చేది, అప్పుడు ఆమె కుడి చెవి ఆయన వైపు ఉంటుంది. బండి మీద ఒక పక్కకు కూర్చుంటే కుడి చెవి దానంతట అదే ఆయన వీపు వైపు వస్తుంది. పెళ్లిళ్లకు పోతే గోడ వారగా చోటు వెతుక్కునేది. ధనుంజయ నవ్వితే నవ్వేది. గిరిజమ్మ తల పంకిస్తే తనూ పంకించేది. ఇంతటి పనిమంతురాలిని ఎవరు అనుమానిస్తారు?

ఒక్కటే ఆమెకు చేతకాలేదు. ఒక చెవే పనిచేసే మనిషికి శబ్దం వినపడుతుంది గాని ఎటు నుంచి వచ్చిందో తెలియదు. లోకంలో శబ్దాలన్నీ కుడి పక్క నుంచే వస్తాయి. వెనక నుంచి వచ్చే ఆటో కుడి పక్కనే మోగుతుంది, ఎడమ వైపు నుంచి పిలిచిన మనిషీ కుడి పక్కనే ఉన్నట్టుంటుంది. ఇక కుడి చెవి దిండుకు ఆనించి పడుకుంటే ఇల్లు కూలినా తెలియదు. అందుకని ఆమె ఎప్పుడూ ఎడమ వైపే తిరిగి పడుకునేది. మధ్యాహ్నం రవ్వంత కునుకు పట్టి, తెలియకుండా పక్కకు దొర్లి, ఉలిక్కిపడి లేచి ఉయ్యాల దగ్గరికి పరుగెత్తేది. పిల్ల ఎంతసేపటి నుంచి ఏడుస్తోందో తెలిసేది కాదు. ఒక్కోసారి మొహమంతా కందిపోయి, గొంతు బొంగురుపోయి ఉండేది. ఒక్కోసారి ఏడ్చి ఏడ్చి ఊరుకుని, కళ్లు తెరుచుకుని పైకి చూస్తూ ఉండేది. అలా చూస్తున్నప్పుడే కృష్ణకుమారికి ఎక్కువ భయమేసేది.

మగ్గాలు ఆడుతున్నంతసేపూ కుడి చెవి కూడా అక్కరకు రాదు. అందుకని ఉయ్యాల నుంచి రాట్నం దాకా మగ్గానికి నిలువుగా ఎక్కించే పడుగు నూలు పేని తాడు కట్టి, కొసను మణికట్టుకు చుట్టుకునేది. పిల్ల కాళ్లాడిస్తే తాడు కదిలేది. ఉయ్యాల ఊపడానికే ఆ తాడని ఇంట్లో అనుకున్నారు. కోడలు కండెలు చుడుతూనే బిడ్డనూ చూసుకుంటోందని గిరిజమ్మ పక్కింటి హులిగమ్మకు గొప్పగా చెప్పింది.

పిల్ల పేరు తేజస్విని, తేజు. ఏడాది దాటేసరికి వీధిలో ఆ పిల్లకు ఒక పేరొచ్చింది. ఏడవని బిడ్డ. పడితే లేచి దులుపుకునేది. ఆకలేస్తే వచ్చి తల్లి మోకాలు మీద తట్టేది. అంగన్‌వాడీలో చేర్చిన రోజు పిల్లలంతా గుక్కపట్టి ఏడుస్తుంటే తేజు ఒక మూల కూర్చుని చూస్తూ ఉందట. "ఇట్లాంటి బిడ్డను నేను సూడలేదక్కా. బంగారం," అని టీచరు అరుణకుమారి అంది. అందరూ తల్లి పెంపకమన్నారు. కృష్ణకుమారి పొంగిపోయింది. దేవుడు ఒక చెవి తీసుకుని ఇలాంటి బిడ్డనిచ్చాడని అనుకుంది. ఎంత తెలివితక్కువ మాటో ఆమెకు తరువాత తెలిసింది.

మనసులో ముల్లు ఒకటి లేకపోలేదు. తేజు వీధి చివర నుంచి "అవ్వా!" అని కేకేస్తే గిరిజమ్మకు మగ్గాల మధ్య కూడా వినపడేది. "నాయనా!" అంటే ధనుంజయ కండె పెట్టి అటూ ఇటూ విసిరే నాడె వదిలేసి తలెత్తేవాడు. కాని "అమ్మా!" అని ఆ పిల్ల ఎప్పుడూ కేకేసేది కాదు. పనుంటే తల్లి చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చి, చీర లాగి, మొహం చూసి చెప్పేది. తన మీద ప్రేమ తక్కువేమోనని కృష్ణకుమారి లోలోపల కుమిలేది. ఆ మాట ఎవరితో అనాలన్నా భయమే.

తేజుకు మూడున్నరేళ్లప్పుడు, శ్రావణంలో ఒక సోమవారం, మాధవరంలో చుట్టం ఒకాయన పోతే పలకరింపుకు గిరిజమ్మ, ధనుంజయ పొద్దున బస్సుకు వెళ్లారు. అలాంటి చోటికి పిల్లలను తీసుకుపోరు కాబట్టి తేజు ఇంట్లోనే ఉండిపోయింది. కూలి మనిషి కూడా రాలేదు. రెండు మగ్గాలూ ఆగిపోయాయి. ఇల్లు నిశ్శబ్దమైతే ఎవరికైనా హాయిగా ఉంటుంది. కృష్ణకుమారికి మాత్రం ఎడమ చెవిలో హోరు పెద్దదైంది.

ఆ రోజు మునిసిపాలిటీ నీళ్లు వచ్చే రోజు. పెరట్లో నేలలో కట్టిన నీళ్ల సంపు మూత తీసి పైపు లోపలికి వేసి, మోటారు పెట్టింది. తేజు పెరటి అరుగు మీద చెంచా గిన్నె పెట్టుకుని ఆడుకుంటోంది. వంటింట్లో పొయ్యి మీద పప్పు పొంగితే కృష్ణకుమారి లోపలికి వెళ్లింది. రెండు నిమిషాలు, పోనీ మూడు నిమిషాలు. తిరిగొచ్చేసరికి అరుగు మీద చెంచా ఉంది, గిన్నె ఉంది, పిల్ల లేదు.

"తేజూ!"

అప్పుడు వినపడింది. "అమ్మా."

ఒక్కసారే. సన్నగా. మోటారు మోత మీదుగా, కుడి పక్క నుంచి. కుడి పక్కన పెరటి తలుపు, దాని అవతల సందు. కృష్ణకుమారి సందులోకి పరుగెత్తింది. ఎవరూ లేరు. ఇంటి చుట్టూ తిరిగి వీధి వాకిలి దాకా వచ్చింది, వీధిలో బిందెలు పెట్టుకున్న ఆడవాళ్లు తప్ప ఎవరూ లేరు. మళ్లీ లోపలికొచ్చి ముందు గది దాటి, వంటిల్లు దాటి పెరట్లోకి వచ్చింది. మోటారు కట్టేసి, ఊపిరి బిగబట్టి నిలబడింది. తల ఇటు తిప్పింది, అటు తిప్పింది. మళ్లీ పిలువు తల్లీ, ఇంకొక్కసారి పిలువు అని మనసులో మొక్కుకుంది. హోరు తప్ప ఏమీ లేదు. అప్పుడు చూసింది, తను మూత తీసి వదిలేసిన సంపును.

ఆ తరువాత ఏం చేసిందో ఆమెకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. అంచు పట్టుకుని లోపలికి దిగింది. నీళ్లు మెడ దాకా వచ్చాయి. చీకటి. కాళ్లతో అడుగంతా తడిమింది. పాదానికి మెత్తగా ఏదో తగిలింది. ఆ క్షణంలో కృష్ణకుమారి సగం చచ్చిపోయింది. ముక్కు మూసుకుని మునిగి పైకి తీస్తే పాత గోనె గుడ్డ. మళ్లీ మునిగింది. నాలుగు మూలలూ చేతులతో వెతికింది. బిడ్డ లేదు. ఆమె అరుపులకు పక్కింటి హులిగమ్మ గోడ మీదుగా చూసి, గుండెలు బాదుకుంటూ వచ్చి చెయ్యిచ్చి పైకి లాగింది.

"యాడికి పోయిందే పిల్ల? ఏడ్సను గూడా ఏడ్సదే, ఎట్ల తెలుసుకొనేది!" అంది హులిగమ్మ.

మొగుడికి ఫోను చేద్దామని కృష్ణకుమారి తడి బట్టలతోనే ముందు గదిలోకి వచ్చింది. ఫోను గూట్లో ఉంది. చెయ్యి చాపబోతూ నేల మీద నీళ్లకు కాలు జారి, మగ్గం పక్కన మోకాళ్ల మీద పడింది. పడ్డచోటి నుంచి పడుగు కిందుగా గుంతలో పచ్చ గౌను అంచు కనపడింది.

తేజు గుంత మూలలో నక్కినట్టు కూర్చుని ఉంది. తల్లి పొయ్యి దగ్గర ఉన్నప్పుడు ఆమె వెనక నుంచే లోపలికొచ్చి, నాయన లేడు కదా, నాయనలాగా కర్రలు తొక్కుదామని దిగినట్టుంది. రెండు కర్రల మధ్య కాలు ఇరుక్కుని మడమ మెలిపడింది. చీలమండ అప్పటికే వంకాయంత వాచింది. పిల్ల పెదవులు బిగబట్టుకుని ఉంది. కళ్లలో నీళ్లు నిండి ఉన్నాయి గాని గొంతులోంచి చప్పుడు లేదు. కృష్ణకుమారి గుంతలోకి దూకి, కర్రలు ఎడం చేసి కాలు తీసి, పిల్లను గుండెలకు అదుముకుంది.

"పిలవల్ల కదే! అమ్మను పిలవల్ల కదే నా తల్లీ!"

"పిలిచినా," అంది తేజు. "నువ్వు బయటికి పోతివి. మళ్ల ఈడనే పోతివి. నీ కాళ్లు కనపడె."

"మళ్ల పిలవల్ల కదా! గట్టిగా అరవల్ల కదా!"

తేజు తల్లి మొహం కేసి చూసింది. ఆ చూపులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పింది.

"నీకు ఇనపడదు కదమ్మా. అవ్వ వచ్చినంక సెప్దామనుకొన్నా."

కృష్ణకుమారికి అప్పుడు తెలిసింది. ఇది ఏడవని బిడ్డ కాదు. ఉయ్యాలలో గొంతు పోయేదాకా ఏడ్చి, ఏడిస్తే అమ్మ రాదని నేర్చుకున్న బిడ్డ. నాలుగేళ్లు నిండని పిల్ల విరిగిన కాలుతో, అవ్వ ఎప్పుడొస్తుందో తెలియకుండా, పక్క నుంచే తల్లి పోతుంటే నోరు మూసుకుని కూర్చుంది. ఊరంతా మెచ్చుకున్నది దీన్ని. తను పొంగిపోయింది దీనికి. సంపులో కూడా అంత భయం వేయలేదు ఆమెకు.

హులిగమ్మ ఆటో పిలిస్తే ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయారు. ఎముక సన్నగా చిట్లిందన్నారు, కట్టు కట్టారు. కట్టేటప్పుడు కూడా తేజు ఏడవలేదు. "బంగారు తల్లి," అంది నర్సు. కృష్ణకుమారి ఆ మాట విని మొహం తిప్పుకుంది.

మధ్యాహ్నం బస్సుకు గిరిజమ్మ, ధనుంజయ వచ్చి, స్నానాలు చేసి లోపలికి అడుగుపెట్టి కట్టు చూశారు. ఆడుకుంటూ పడింది అంటే సరిపోయేది. మూడేళ్లుగా ఆమె బతికింది అలాంటి మాటల మీదే. నోట్లో ఆ మాట తయారుగా ఉంది కూడా. తేజు మంచం మీద నుంచి తల్లి నోటి వైపే చూస్తోంది.

"నాకు ఎడమ సెవి ఇనపడదత్తా," అంది కృష్ణకుమారి. "కాన్పు నాటి నుంచి. సూది వల్ల. దాచినా. పిల్ల పిలిస్తే యాడ నుంచి పిలిచిందో నాకు తెలీలే."

ఇప్పుడు సూది మాట వస్తుంది, నీ మాట నీకే గుర్తుండనీ అన్న మాట వస్తుంది, మా నాయన పేరు వస్తుంది అని తల వంచుకుని నిలబడింది. గిరిజమ్మ దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనిపించేటంత దగ్గరికి వచ్చింది.

"మూడేండ్లా?" అంది. "మూడేండ్లు ఈ బిడ్డను నీ సేతిలో పెట్టి ఊర్లకు పోయినా కదే నేను! సెప్పింటే పోయిందునా? సంపు మూత తీసి పెట్టి ఒక సెవితో... నీ సూది మంటల్లో కలవనీ, దాని మాట ఎవరడిగినారు? నాకు సెప్పల్ల కదా! నేనేమి పులినా, తింటానా నిన్ను?"

మూడేళ్లు భయపడ్డ తిట్టు ఒకటి, వచ్చిన తిట్టు ఇంకొకటి. ధనుంజయ మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు.

"మరి నేను సెప్పిన మాటలన్నీ?" అన్నాడు.

"సగం ఇనపడలే."

"నవ్వుతాంటివి కదా?"

"నువ్వు నవ్వుతాంటే నవ్వినా."

"రేపు ఆదోనికి పోదాం, సెవికి పెట్టే మిషనేదో సూద్దాం," అన్నాడు ధనుంజయ, తన గొంతు తనకే కొత్తగా ఉన్నట్టు మెల్లగా. మళ్లీ గుర్తొచ్చి లేచి ఆమె కుడి పక్కకు వచ్చి అదే మాట చెప్పాడు.

గిరిజమ్మ మంచం దగ్గరికి పోయి మనవరాలి పక్కన కూర్చుంది. "ఏమే, మీ అమ్మను పిలువు," అంది.

తేజు మంచం దిగబోయింది, తల్లి కుడి పక్కకు పోయి చీర లాగడానికి.

"దిగొద్దు. ఆడ నుంచే పిలువు. నోరు తెరిసి."

"అమ్మా," అంది తేజు గొంతులోనే.

"అదేమి పిలుపు? నన్నెట్ల పిలుస్తావు వీధి కొస నుంచి? అట్ల పిలువు."

పిల్ల తల్లిని చూసింది. నమ్మకం లేదు ఆ మొహంలో. కళ్లు మూసుకుని, పిడికిళ్లు బిగించి, "అమ్మా!" అని అరిచింది.

"వస్తాండా!" అని కృష్ణకుమారి నాలుగడుగుల దూరాన్ని పరుగెత్తి వచ్చింది. తేజు ఆమెను చెయ్యి పెట్టి వెనక్కి తోసింది. మళ్లీ పో అన్నట్టు. కృష్ణకుమారి గుమ్మం దాకా పోయి, అటు తిరిగి నిలబడింది.

"అమ్మా!"

వచ్చింది. మళ్లీ తోసింది. ఈసారి వంటింట్లోకి పోయి నిలబడింది, మంచం కనపడకుండా. పిలుపు వచ్చింది. ఎటు నుంచో తెలియలేదు, ఎప్పటిలాగే కుడి పక్కనే మోగింది. అయినా ఎక్కడికి పోవాలో తెలుసు కాబట్టి వచ్చింది. పెరట్లోకి పోయింది. అక్కడికీ పిలుపు వచ్చింది, ఈసారి గొంతు చిరిగేటట్టు. "వస్తాండా, వస్తాండా," అంటూ వచ్చింది. ఏడుసార్లో ఎనిమిదిసార్లో అయ్యాక తేజు తల్లిని తోయలేదు. రెండు చేతులా కొంగు పట్టుకుని, కాలు విరిగినా ఏడవని పిల్ల, కట్టు కట్టినా ఏడవని పిల్ల, నోరంతా తెరిచి గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది. వీధి వాకిట్లో హులిగమ్మ ఏమైందోనని తొంగి చూసింది. ధనుంజయ కంగారుగా ఊరుకోబెట్టబోయాడు.

గిరిజమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏడ్సనీ," అంది.